బజారులో లేని పనిముట్టు

బాతెల్‌లో పనిముట్టు కొనడం పెద్ద పనేమీ కాదు. కారు తీసి ఏ దిక్కుకు వెళ్లినా ఒక పెద్ద హార్డ్‌వేర్ కొట్టు తగులుతుంది. కదలడం బద్ధకమైతే ఫోన్‌లో నొక్కితే రేపో ఎల్లుండో అట్టపెట్టె గుమ్మంలో ఉంటుంది. బల్ల మీద పట్టే బుల్లి లేత్ దగ్గర్నుంచి అర మిల్లీమీటరు డ్రిల్ బిట్ దాకా అన్నీ దొరుకుతాయి. అయినా ఈ చుట్టుపక్కల చెక్కపని పిచ్చి ఉన్నవాళ్ల గరాజ్‌ల్లోకి తొంగి చూడండి. గోడకు వేలాడే వాటిలో చాలావాటికి కంపెనీ పేరే ఉండదు. రంపపు బల్ల మీద జారే ప్లైవుడ్ పీట, ఒకే కోణంలో చిల్లు పడేలా చేసే చెక్కదిమ్మ, ఉలిని పట్టుకుని సానరాయి మీద తిన్నగా నడిపే బండి, ఇవన్నీ సొంత తయారీలే. అన్నీ దొరికే ఊళ్లో ఇవి ఎందుకు పుడుతున్నాయన్నది నాకు చాలాకాలంగా ఉన్న సందేహం.

బాతెల్ అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో, వాషింగ్టన్ సరస్సు ఉత్తరపు కొసకు దగ్గర్లో, సమ్మామిష్ నది ఒడ్డున ఉంటుంది. కొంత కింగ్ కౌంటీలో, కొంత స్నోహోమిష్ కౌంటీలో. దుంగల మీద, సెడార్ పెంకుల మీద బతికిన ఊరు, 1909లో పట్టణమైంది. ఇప్పుడు దుంగలూ లేవు, మిల్లులూ లేవు. సాఫ్ట్‌వేరు, వైద్య పరికరాల కంపెనీలు, యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ వారి క్యాంపస్, మనవాళ్లు పండగలకు కిటకిటలాడే హిందూ దేవాలయం ఉన్నాయి. అక్టోబరు నుంచి మే దాకా వాన. కారు ఆ వానలో బయట తడుస్తుంది, గరాజ్‌లో రంపపు బల్ల వెచ్చగా కూర్చుంటుంది. కూర్చున్నా తేమ వదలదు. ఇనప బల్లకు మైనం పూయడం ఒక్క నెల మానేస్తే ఎర్రగా తుప్పు పొడుస్తుంది.

ఈ ప్రాంతపు గరాజ్ కారీగర్లకు ఒకప్పుడు ఒక పుణ్యక్షేత్రం ఉండేది. బాతెల్‌కు ఉత్తరాన ఎవరెట్‌లో బోయింగ్ వాళ్ల విమానాల ఫ్యాక్టరీ ఉంది. ఫ్యాక్టరీల్లో మిగిలిన సామాను అమ్మే కొట్టు మాత్రం సియాటిల్‌కు దక్షిణాన కెంట్‌లో ఉండేది. అక్కడ అల్యూమినియం పలకలు, కడ్డీలు పౌండ్ల లెక్కన తూచి ఇచ్చేవారు. ఒకసారి వాడి పక్కన పెట్టిన డ్రిల్ బిట్లు, కొలత పరికరాలు, ఆఫీసు బల్లలు అన్నీ కలగాపులగంగా ఉండేవి. విమానపు రెక్కకు తెచ్చిన లోహం ఇంటి వైస్ దవడ కింద పడేది. 2007 చివర్లో ఆ కొట్టు మూసేశారు. పాతకాపులు ఇప్పటికీ ఆ కొట్టును తలచుకుంటే నిట్టూరుస్తారు. తుక్కు చవగ్గా దొరికే చోట సొంత పనిముట్లు ఎక్కువ పుడతాయన్నది నిజమే. కానీ తుక్కు ఒక్కటే కారణమైతే ఆ కొట్టు మూతపడ్డాక ఈ అలవాటు కూడా చచ్చిపోవాలి. పోలేదు.

తుక్కుతో ఎంత దూరం వెళ్లొచ్చో చూపించినవాడు ఇక్కడివాడు కాదు. మిస్సోరీ రాష్ట్రంలో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్లో ఉండే డేవ్ గింజరీ, 1932లో పుట్టి 2004లో పోయాడు. 1980ల్లో ఆయన తుక్కుతో సొంత లోహపు వర్క్‌షాప్ కట్టుకునే పద్ధతి మీద చిన్న చిన్న పుస్తకాలు వరసగా వేశాడు, ఏడు. మొదటిది బొగ్గు కొలిమి. రెండోది లేత్. ఆ తర్వాత షేపర్, మిల్లింగ్ మెషీన్, డ్రిల్ ప్రెస్, చక్రాన్ని సమభాగాలుగా పంచే డివైడింగ్ హెడ్, రేకు వంచే బ్రేక్. ఈ వరసలోనే ఆయన తెలివి ఉంది. కొలిమి లేకుండా పోత లేదు, పోత లేకుండా లేత్ లేదు. లేత్ వచ్చాక మిగతావాటికి అదే చెయ్యి.

పద్ధతి వింటే మన ఊరి కమ్మరికి కొత్తగా అనిపించదు. ఒక లోహపు డబ్బాకు లోపల మట్టి, ఇసుక కలిపి మెత్తుతారు. అడుగున గాలి గొట్టం, మధ్యలో బొగ్గు, దాని మీద మూస. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది కాబట్టి బొగ్గుకు బ్లోయర్ గాలి తోడైతే సరిపోతుంది. పాత పిస్టన్లు, గేర్‌బాక్సు తొడుగులు, వంటగది సామాను అన్నీ అందులో పడతాయి. లేత్‌లో ఒక్కో భాగానికి ముందు చెక్కతో నమూనా చెక్కుతారు. దాన్ని తడి ఇసుకలో ఒత్తి తీస్తే మిగిలే గుంటలో కరిగిన లోహం పోస్తారు. చల్లారాక ఇసుక దులిపితే చేతిలో లేత్ ముక్క ఒకటి. ఇసుకలో తేమ ఎంత ఉండాలో చేతికి తెలియాలి. పిడికెట్లో నొక్కితే ముద్ద కట్టాలి, విరిస్తే పదునుగా రెండు ముక్కలవ్వాలి, అరచేతికి తడి అంటకూడదు. తేమ ఎక్కువైతే కరిగిన లోహం తగలగానే ఆవిరి పొంగి పోత చెడుతుంది, ఒక్కోసారి లోహం మొహం మీదికి చిమ్ముతుంది. కళ్లద్దాలు లేకుండా, తడి కాంక్రీటు నేల మీద ఈ పని చేయకూడదు. వానల ఊళ్లో ఇది ఇంకా గట్టిగా చెప్పాలి.

పోత పూర్తయ్యాక అసలు చిక్కు మొదలవుతుంది. లేత్ అంటే ఒక తిన్నటి దారి మీద తిన్నగా నడిచే ఉలి. ఆ దారి వంకరైతే దాని మీద తిప్పిన ప్రతి కడ్డీ వంకరే. తిన్నటి దారిని చెక్కడానికి మిల్లింగ్ మెషీన్ కావాలి, మిల్లింగ్ మెషీన్ చేయడానికి లేత్ కావాలి. ముందు ఏది? ఇల్లు కట్టేవాడికి సూత్రపు దారమూ తూకపు గుండూ ఉన్నాయి. లోహానికి వెంట్రుక మందంలో పదో వంతు తేడా కూడా తేడానే. మొట్టమొదటి సమతలం ఎక్కణ్ణుంచి వస్తుంది?

దీనికి జవాబు గింజరీ కంటే నూట యాభై ఏళ్ల ముందరిది. లండన్‌లో హెన్రీ మాడ్స్లే వర్క్‌షాప్‌లో పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ దాన్ని పద్ధతిగా నిలబెట్టి, 1840లో గ్లాస్గోలో బ్రిటిష్ అసోసియేషన్ సభకు వివరించాడు. మూడు ఇనప పలకలు తీసుకుంటారు. ఒకదానికి పల్చగా రంగు పూసి రెండోదాని మీద రుద్దితే ఎత్తున్న చోట్ల రంగు అంటుతుంది. ఆ మచ్చల్ని మాత్రం చేత్తో గీకే ఉలితో గీకి తీస్తారు. మళ్లీ రంగు, మళ్లీ గీకుడు. రెండే పలకలైతే మోసం ఉంది. ఒకటి పళ్లెంలా గుంటగా, ఇంకొకటి దానికి సరిగ్గా సరిపోయే ఉబ్బుతో తయారైనా రెండూ చక్కగా కుదురుతాయి, మచ్చలు నిండుగా పడతాయి, చేసినవాడు సంబరపడతాడు. మూడోది వచ్చేసరికి ఆ మోసం సాగదు. ఒకటి రెండుతో, రెండు మూడుతో, మూడు ఒకటితో, ఏ జతను ఎటు తిప్పి చూసినా కుదరాలంటే మూడూ సమతలమే కావాలి, వేరే దారి లేదు. అంటే ఏ కొలబద్దా లేకుండా, మూడు వంకర ముక్కలూ ఓపికా ఉంటే చాలు, సమతలం పుడుతుంది. పనిముట్ల చరిత్రలో ఇంతకంటే అందమైన ఆలోచన నాకు తెలియదు.

గింజరీ లేత్ చేసేవాళ్లు ఈ గీకుడు పని తప్పించుకోలేరు. పోతపోసిన అల్యూమినియం పీఠం మీద చదునైన ఉక్కు పట్టీని బిగించి దాన్నే దారిగా వాడతారు. పట్టీ ఫ్యాక్టరీలో చదునుగానే వస్తుంది. కింద పీఠం ఎగుడుదిగుడుగా ఉంటే స్క్రూ బిగించగానే పట్టీ కూడా అలాగే వంగుతుంది. అందుకని ముందు పీఠాన్ని గీకాలి. రుద్ది చూసుకోవడానికి ఒక నమ్మకమైన పలక కావాలి కదా, దానికి ఇవాళ్టి వాళ్లు చాలామంది మందపాటి గాజు పలక వాడతారు. 1959లో పిల్కింగ్టన్ కంపెనీ కరిగిన తగరం మీద గాజును తేలించి పలకలు చేసే పద్ధతిని బయటపెట్టాక, విట్‌వర్త్ మనుషులు రోజులతరబడి చెమటోడ్చి సాధించిన చదునులో చాలా భాగం గాజు కొట్లో కోసి ఇస్తున్నారు. అక్కణ్ణుంచి లేత్ తనను తాను పూర్తి చేసుకుంటూ పోతుంది. సగం తయారైన యంత్రం మీదే మిగతా భాగాల చిల్లులు తొలుస్తారు, కాబట్టి అవి యంత్రానికి సరిగ్గా కుదురుతాయి.

గింజరీ కంటే ముందే ఇంకో మొండిఘటం ఉన్నాడు, లూసియన్ యోమన్స్. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి గుండ్లు చెక్కడానికి పెద్ద లేత్‌లు కావలసి వస్తే, పోత ఇనుముకు బదులు కాంక్రీటుతో పీఠాలు పోయించాడు. యుద్ధం అయిపోయింది, ఆ ఆలోచనా మరుగునపడింది. తర్వాత చాలా ఏళ్లకు బీద దేశాల కోసం చవక యంత్రాలు కావాలనుకున్న వాళ్లు దాన్ని మళ్లీ తవ్వి తీశారు.

ఇక్కడ నాకొక అభిప్రాయం ఉంది, కొందరికి నచ్చదు. గింజరీ లేత్ పూర్తిచేసిన వాళ్లలో చాలామందికి లేత్ అవసరం కంటే చేయడమే అవసరం. ఆ గంటలకు కూలీ కడితే మంచి పాత లేత్ ఒకటి, దాన్ని ఇంటికి తెచ్చే ట్రక్కు బాడుగతో సహా వస్తుంది. దాన్ని తప్పు పట్టడం లేదు. చదువుకు ఫీజు కట్టినట్టే అది. అయితే సొంత పనిముట్టు పుట్టుకకు అసలు కారణం అక్కడ కనిపించదు. నాకది కనిపించింది వినాయక చవితి ముందు, పాలవెల్లి దగ్గర.

పాలవెల్లికి, అంటే చవితినాడు వినాయకుడి మీద వేలాడదీసే చట్రానికి, ఇక్కడ రెండే దారులు. ఇండియా నుంచి తెప్పించుకోవడం, లేదా మనమే చేసుకోవడం. సన్నటి చెక్క పట్టీలు, నిలువునా అడ్డంగా గళ్లు పడేలా ఒకదానిలో ఒకటి దిగాలి. దిగాలంటే ప్రతి పట్టీలో సగం లోతుకు గాడి కోయాలి, గాడి వెడల్పు పట్టీ మందంతో సమానంగా ఉండాలి, గాడికీ గాడికీ దూరం అన్నింటిలో ఒక్కటే కావాలి. పెన్సిల్‌తో గీసి ఒక్కో పట్టీ కోస్తూ పోతే ఎక్కడో ఒకచోట తేడా పడుతుంది. ఒక్క గాడి పక్కకు జరిగితే చట్రం మొత్తం దిగదు. ఈ పని కోసం ఏ కొట్టులోనూ పరికరం లేదు, ఉండదు కూడా. పాలవెల్లి చేసేవాళ్ల కోసం ఏ కంపెనీ అచ్చు పోయిస్తుంది?

పరిష్కారం ఒక ప్లైవుడ్ పీట. రంపపు బల్ల మీద ఉన్న గాళ్లలో నడిచేలా కింద రెండు కర్ర పట్టాలు, వెనక ఒక నిలువు చెక్క, ఆ చెక్కలో రంపానికి పక్కన, కావలసిన దూరంలో ఒక చిన్న కొయ్య. మొదటి గాడి కోశాక దాన్ని ఆ కొయ్య మీద కూర్చోబెడితే రెండో గాడి రంపం కింద తనంతట తనే సరైన చోట నిలుస్తుంది. రెండోది కొయ్య మీదికి వెళితే మూడోది. టేపు అక్కర్లేదు. అయితే ఇందులో ఒక తిరకాసు ఉంది. కొయ్య అర మిల్లీమీటరు అటో ఇటో ఉంటే, పదో గాడి దగ్గరికి వచ్చేసరికి తేడా నాలుగున్నర మిల్లీమీటర్లు. దానికి మందు పట్టీలన్నింటినీ కట్టగా బిగించి ఒకేసారి కోయడం. అప్పుడు తప్పు ఎంతున్నా అన్నింటిలోనూ ఒకే చోట, ఒకే తీరున ఉంటుంది కాబట్టి నిలువు పట్టీలూ అడ్డు పట్టీలూ హాయిగా దిగిపోతాయి. ఒకే ఒక్క జాగ్రత్త, కట్ట విప్పే ముందు అన్నింటికీ ఒక కొసన పెన్సిల్ గుర్తు పెట్టాలి. ఏ పట్టీ అయినా తలకిందులుగా తిరిగితే మళ్లీ కథ మొదటికి వస్తుంది. విట్‌వర్త్ అయితే దీన్ని ఒప్పుకోడు, రెండు తప్పులు జతకుదిరాయంటాడు. పాలవెల్లికి అది చాలు, పైనుంచి వేలాడే మామిడి ఆకులకీ వెలక్కాయకీ మిల్లీమీటర్లతో పనిలేదు.

బజారు అందరి పనికీ పనిముట్టు చేస్తుంది. ఒక్కరి పనికి చేయదు, చేయలేదు, గిట్టుబాటు కాదు. సొంత పనిముట్టు పుట్టేది ఆ సందులోనే. బాతెల్ గరాజ్‌లో ఆ సందు సరదాగా ఉంటుంది. అదే సందు ఒక ఊరి ఆడవాళ్ల భుజాల మీద పడితే ఎలా ఉంటుందో యాదాద్రి భువనగిరి జిల్లా ఆలేరు దగ్గర శారాజీపేటలో ఒకాయన చూశాడు. చింతకింది మల్లేశం.

పోచంపల్లి చీర నేసే ఇళ్లలో ఆసు పోయడం ఆడవాళ్ల పని. అర్ధచంద్రాకారంలో ఒక చట్రం, ఒక కొసన మేకు, ఎదుట వంపులో వరసగా మేకులు. నూలును ఇక్కడి మేకు నుంచి ఎదుటి మేకు దాకా తీసుకెళ్లి, దాన్ని చుట్టి, వెనక్కి తేవాలి. లెక్క తప్పకూడదు, వరస తప్పకూడదు. తర్వాత చిటికి కట్టి, అంటే నూలును అక్కడక్కడ బిగించి, రంగులద్దేటప్పుడు ఆ లెక్క మీదే డిజైన్ నిలుస్తుంది. మీటరు మేర చెయ్యి చాచి తేవడం, ఒక్క చీరకు సుమారు తొమ్మిది వేల సార్లు. నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరలు పోస్తే పద్దెనిమిది వేల సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి. మల్లేశం తల్లి లక్ష్మి భుజం నొప్పితో ఇక నావల్ల కాదనే స్థితికి వచ్చింది. ఆసు ఆగితే మగ్గం ఆగుతుంది, మగ్గం ఆగితే పొయ్యి ఆగుతుంది.

మగ్గానికి ఎన్నో మార్పులు వచ్చాయి. డాబీలు, జకార్డులు, మర మగ్గాలు అన్నీ. ఆసుకు ఎవరూ ఏమీ చేయలేదు. దేశంలో ఎన్ని ఇళ్లు ఆసు పోస్తాయి? పెద్ద కంపెనీకి అదొక లెక్కేనా? ఇంజనీరింగ్ కాలేజీల్లో చదివిన వాడికి ఆసు కనపడదు, ఆసు పోసే వాళ్లు ఇంజనీరింగ్ కాలేజీకి వెళ్లరు. మల్లేశం ఆరో తరగతితో బడి మానేసినవాడు, ఆ తర్వాత ప్రైవేటుగా పదో తరగతి కట్టాడు. 1992లో, ఇరవై ఏళ్ల వయసులో, ఆసు పోసే యంత్రం చేస్తానన్నాడు.

చెయ్యి చేసే పనిని విడదీసి చూస్తే అందులో మూడు కదలికలు ఉన్నాయి. ముందుకు వెనక్కి పోవడం, మేకు చుట్టూ తిరగడం, చెప్పినన్ని చుట్లు అయ్యాక పక్క మేకుకు జరగడం. మనిషి చెయ్యి ఈ మూడింటినీ ఒకే ఊపులో కలిపేస్తుంది, మూడు ఉన్నాయని కూడా తెలియదు. యంత్రం చేయబోతే గానీ అవి విడిపోవు. చెక్క చట్రాలతో మొదలుపెట్టాడు, మోటారు తెచ్చాడు, ఒక్కో భాగం చేసుకుంటూ పోయాడు. అప్పులయ్యాయి. ఊళ్లో పిచ్చివాడన్నారు, ఇంట్లో వాళ్లకూ ఓపిక నశించింది. ముందుకు వెనక్కి పోయే కదలిక కుదిరింది. మేకు చుట్టూ దారాన్ని తిప్పే కదలికే కుదరలేదు.

చేతిలో డబ్బు అయిపోయాక భార్యతో హైదరాబాద్ వచ్చి కరెంటు పనికి కుదిరాడు. ఇక్కడే కథ మలుపు తిరిగింది. బాలానగర్ పారిశ్రామికవాడలో ఒక యూనిట్‌లో పని మీద వెళ్లినప్పుడు, నడుస్తున్న ఒక యంత్రంలో తాను ఏళ్ల తరబడి వెతుకుతున్న కదలిక కనపడింది. ఆ యంత్రం చేసే పనికీ ఆసుకూ ఏ సంబంధమూ లేదు. తిరిగే తీరు మాత్రం అదే. దగ్గర్లో లేత్ షాపుకు వెళ్లి ఆ భాగాన్ని చేయించుకుని ఊరికి తీసుకెళ్లి తన యంత్రానికి బిగించాడు. 1999 ఫిబ్రవరిలో ఆసు యంత్రం ఆడింది.

బాలానగర్ గురించి ఒక మాట. గింజరీ పాఠకుడు లేత్ సొంతంగా పోతపోయడానికి ఒక కారణం, నడిచి వెళ్లేంత దూరంలో అతనికి లేత్ లేకపోవడం. అమెరికా శివారు ఊళ్లలో ఇల్లిల్లూ ఒక ద్వీపం, అందుకే ఇల్లిల్లూ ఒక వర్క్‌షాప్. హైదరాబాద్‌లో చేతిలో ముక్క పట్టుకుని షాపు గుమ్మంలో నిలబడి, ఇది ఇంత సన్నగా తిప్పు, ఇక్కడో చిల్లు వెయ్యి అంటే జాబ్‌వర్క్ కింద అప్పటికప్పుడు చేసిచ్చే మేస్త్రీలు ఉన్నారు. ఇల్లు చిన్నదైనా ఊరంతా గరాజే. మల్లేశం లేత్ చేయలేదు, చేయాల్సిన పనీ లేదు. ఆయన దగ్గర ఉన్నదీ లేత్ మేస్త్రీ దగ్గర లేనిదీ ఏడేళ్లుగా కళ్లలో ఆడుతున్న ఆ కదలిక. పక్కనే ఉన్న వేరేవాళ్లు ఆ యంత్రాన్ని రోజూ చూశారు, వాళ్లకు ఆసు గుర్తు రాలేదు.

ఆ యంత్రానికి తల్లి పేరు పెట్టాడు, లక్ష్మి ఆసు యంత్రం. చీరకు నాలుగైదు గంటలు పట్టే ఆసు గంటన్నరకు వచ్చింది. రోజుకు రెండు చీరల చోట ఆరు చీరల ఆసు అవుతుంది, కూర్చున్న మనిషి యంత్రాన్ని కనిపెట్టుకుని ఉంటే చాలు. ఆయన అక్కడితో ఆగలేదు. పుస్తకాలు తెచ్చుకుని ఎలక్ట్రానిక్స్ చదివి, తర్వాతి యంత్రాల్లో మైక్రోకంట్రోలర్ పెట్టాడు. ఎన్ని చుట్లు, ఏ మేకు అన్న లెక్క అప్పటినుంచి చిప్ చూసుకుంటోంది. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన పేరుతోనే సినిమా వచ్చింది, ప్రియదర్శి వేశాడు. సినిమాలో ఎక్కువమందికి గుర్తున్నది తల్లి. నాకు గుర్తుండేది బాలానగర్.

ఆసు యంత్రం ఆసు వరకే చేస్తుంది. అది పోసిన నూలు తీసుకుని డిజైన్ గీసుకోవడం, రబ్బరు పట్టీతో ఒక్కో చోటా బిగించి కట్టడం, రంగులో ముంచడం, విప్పడం, మళ్లీ ఇంకో చోట కట్టడం చేత్తోనే సాగుతున్నాయి. ఆ ముడి వేసే వేళ్ల కదలిక ఆసు కంటే చిక్కు. ముడి ఎక్కడ బిగుసుకుందో, రంగు ఎక్కడ లోపలికి పాకిందో వేలికే తెలుస్తుంది. దాన్ని విడదీసి చూడడం తేలిక కాదు, పట్టీలు మాత్రం రోజూ ఇంటింటా బిగుస్తున్నాయి.